మహావీరుల ఆకర్షణ - మానవుని శ్రేష్ఠతా కాంక్ష

భుజాలకు తువాలు ముడివేసుకొని, చేతులు చాచి, అరుగు మీది నుంచి దూకే పిల్లవాడు లేని ఊరు బహుశా ఉండదు. దూకిన వాడికి మోకాలు గీసుకుపోతుంది. తల్లి మందలిస్తుంది. మరునాడు మళ్ళీ అదే అరుగెక్కుతాడు. నాగర్‌కర్నూలు జిల్లా తిమ్మాజిపేటలోనైనా, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలోనైనా ఆ పిల్లవాని కోరిక ఒక్కటే: ఇప్పుడున్న తన కంటే తాను గొప్పవాడు కావాలి.

పెద్దలు ఈ ఆటను చూసి నవ్వుతారు. కాని పెద్దల ఆట కూడా ఇంతకంటే వేరుగా లేదు. తిమ్మాజిపేట మండలం 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఈ నేలను జనం నేటికీ పాలమూరనే పిలుస్తారు. పేదరికానికీ, వలసలకూ పేరుపడిన ఈ ప్రాంతంలోనే వీరగాథలు కూడా విస్తారంగా పుట్టాయి. గద్వాల కోట కట్టిన సోమనాద్రి కథ, ఉన్నవారిని కొట్టి లేనివారికి పెట్టాడని చెప్పుకొనే పండుగ సాయన్న కథ ఇక్కడి గాయకుల నోట తరతరాలుగా నిలిచాయి. ఇదే మండలంలోని ఆవంచ గ్రామ పొలాల్లో ఇరవై అడుగులకు పైబడిన వినాయక విగ్రహాన్ని పూర్వపు శిల్పులు ఒకే రాతిలో చెక్కారు. పాటలోనైనా, రాతిలోనైనా మనిషి తనకంటే పెద్ద ఆకారాన్ని నిలబెట్టుకోవాలని చూశాడు. ఎందువల్ల? ఈ తృష్ణ మంచిదా, చెడ్డదా? దీని గమ్యం ఏది?

సహజమైన తృష్ణ

ఇస్లాం ఈ తృష్ణను దోషంగా భావించదు. మానవుడు అత్యుత్తమ రూపంలో సృష్టించబడ్డాడని దివ్య ఖుర్‌ఆన్ ‘అత్తీన్’ సూరా (95:4) తెలుపుతుంది. జీవన్మరణాల సృష్టి ఎందుకు జరిగిందో చెబుతూ ‘అల్‌ముల్క్’ సూరా (67:2), మనుషుల్లో ఎవరి ఆచరణ ఎక్కువ శ్రేష్ఠమైనదో పరీక్షించడానికని వివరిస్తుంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఎవరి బలం ఎక్కువ, ఎవరి సంపద ఎక్కువ అన్నది ఆ పరీక్షలోని ప్రశ్న కాదు. ఎవరి పని ఎక్కువ చక్కనిది అన్నదే ప్రశ్న. అనగా శ్రేష్ఠతా కాంక్ష మనిషిలో పొరపాటున చేరినది కాదు. అతని సృష్టి ఉద్దేశానికే అది సంబంధించినది.

ఈ కాంక్ష దారి ఎక్కడ తప్పుతుందో ఇమాం గజాలీ (మరణం క్రీ.శ. 1111) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో కీర్తి కాంక్షను గురించి రాసిన భాగంలో విశ్లేషించారు. ఆయన వివరణ సారాంశం ఇది: మానవాత్మ స్వభావరీత్యా పరిపూర్ణతను ప్రేమిస్తుంది. అయితే పరిపూర్ణత రెండు రకాలు. ఒకటి నిజమైనది, రెండవది భ్రమతో కూడినది. జ్ఞానమూ, కోరికల దాస్యం నుంచి విముక్తీ నిజమైన పరిపూర్ణతలు. మరణం తర్వాత కూడా అవి మనిషి వెంట ఉంటాయి. ఇతరుల మీదా, వస్తువుల మీదా చెలాయించే అధికారం పరిపూర్ణతలా కనిపిస్తుందే గాని అది ఊపిరితోపాటే పోతుంది. మనిషి మొదటిదాన్ని వెదుకుతూ బయలుదేరి రెండవదాని వద్ద ఆగిపోతాడు.

తొమ్మిది వందల సంవత్సరాల నాటి ఈ విభజనను చేతిలో పెట్టుకొని చూస్తే మహావీరుల కథలన్నీ కొత్తగా అర్థమవుతాయి.

పాటలోని పాపన్న, చరిత్రలోని పాపన్న

తెలంగాణ వీరులందరిలోకి పేరుమోసినవాడు సర్వాయి పాపన్న. కల్లుగీత వృత్తివారి కుటుంబంలో పుట్టి, నేటి జనగామ జిల్లాలోని షాపూర్ వద్ద కోట కట్టి, మొగలు అధికారాన్ని ఎదిరించాడు. ఆయన మీది పాటను జె.ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు 1874లోనే ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో ప్రచురించాడు. ఆ పాటలో పాపన్న ఎవరికీ తలవంచని సింహం.

అదే మనిషిని గురించి మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ పారసీలో రాసిన ‘ముంతఖబుల్ లుబాబ్’ మరొక కథ చెబుతుంది. ఆ గ్రంథంలో అతడు దారిదోపిడీలు చేసి, సంపన్నుల ఇళ్ళు కొల్లగొట్టి, హిందూ ముస్లిం భేదం లేకుండా స్త్రీలను ఎత్తుకుపోయిన బందిపోటు. 1708లో అతని సేన ముహర్రం రోజుల్లో, ఊరి జనం ఏమరుపాటున ఉన్న వేళ వరంగల్లు మీద పడింది. ఎందరో బందీలయ్యారు. 1709లో బహదూర్ షా చక్రవర్తి హైదరాబాదులో ఉన్నప్పుడు పాపన్న కానుకలిచ్చి గౌరవ వస్త్రాలు పొందాడు. 1710లో పట్టుబడి వధించబడ్డాడు.

ఈ రెండు కథనాలను పక్కపక్కన పెట్టి 1980లో జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు ఒక పరిశోధన వ్యాసం రాశారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సామాజిక చరిత్ర మీది తన గ్రంథంలో పాపన్నకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏది నిజమని అడిగేవారికి తొందరపాటు సమాధానం లేదు. ఖాఫీ ఖాన్ దర్బారు మనిషి. కల్లుగీత కార్మికుని కొడుకు కోట కట్టడమే అతని దృష్టిలో నేరం. కావున అతని మాటను కూడా తూచి స్వీకరించాలి. కాని పాట ఎవరిని మరచిపోయిందో కూడా అంతే నిజాయితీగా చూడాలి. వరంగల్లులో బందీలైన స్త్రీలకు ఆ పాటలో చోటు లేదు. వారి తరఫున పాడేవారు ఎవరూ లేరు.

మహావీరుని కథ చేసే మొదటి పని ఇదే. అది ఒకరిని ఎంత పైకెత్తుతుందో, అతని కాళ్ళ కింద పడినవారిని అంతగా కంటికి కనబడకుండా చేస్తుంది. కులం చేతా పన్నుల చేతా నలిగిన జనం తమ గౌరవాన్ని ఒక మనిషిలో చూసుకోవడం అర్థం చేసుకోదగినదే. వారి కాంక్ష నిజమైనది. కాని ఆ కాంక్ష అధికారం వద్ద ఆగిపోయింది. గజాలీ చెప్పిన మలుపు ఇదే.

హజ్రత్ హమ్జా, దాస్తాన్‌లోని హమ్జా

ఈ పొరపాటు ఇతరులదేనని ముస్లింలు అనుకోవడానికి వీలులేదు. ఇస్లామీయ ప్రపంచంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన మహావీరుని కథ ‘దాస్తానె అమీర్ హమ్జా’. పారసీ నుంచి ఉర్దూ దాకా శతాబ్దాల తరబడి దాస్తాన్‌గోలు దీన్ని రాత్రుల కొద్దీ వినిపించారు. ఇందులోని అమీర్ హమ్జా కాఫ్ పర్వతానికి వెళ్ళి, దేవులతో యుద్ధాలు చేసి, ఆస్మాన్ పరీని వివాహమాడతాడు. అతని మిత్రుడు అమర్ అయ్యార్ వద్ద లోకమంతా పట్టే ఒక సంచి ఉంటుంది. అక్బరు చక్రవర్తి సుమారు 1562 నుంచి పదిహేనేళ్ళ పాటు ఈ కథకు దాదాపు 1,400 చిత్రాలు గీయించాడు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం పందొమ్మిదో శతాబ్ది చివర, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో దీన్ని 46 సంపుటాలుగా అచ్చువేసింది.

మరి నిజమైన హజ్రత్ హమ్జా (రజి) ఎవరు? దైవప్రవక్త (స) పినతండ్రి. ఆయనకు పాల సోదరుడు కూడా. అబూజహల్ దైవప్రవక్త (స)ను దూషించాడని విని, వేట నుంచి తిరిగివస్తూనే విల్లుతో అతని తల మీద కొట్టి, నిండు సభలో తన విశ్వాసాన్ని ప్రకటించారు. హి.శ. 3వ సంవత్సరం (క్రీ.శ. 625) ఉహద్ యుద్ధంలో వహ్షీ విసిరిన బల్లెం తగిలి అమరులయ్యారు. ఆయన శవాన్ని కప్పడానికి దొరికిన వస్త్రం పొట్టిదని, తల కప్పితే పాదాలు బయటపడ్డాయని, చివరకు పాదాల మీద ‘ఇజ్ఖర్’ గడ్డి కప్పారని హదీసు ఉల్లేఖనాల్లో ఉంది.

ఒకవైపు పరీల లోకం, మరోవైపు చాలీచాలని కఫన్ గుడ్డ. 46 సంపుటాల హమ్జా మామూలు మనిషికి మించిన వీరుడు. కాబట్టి అతని ధైర్యానికి విలువ లేదు. ఉహద్ మైదానంలోని హమ్జా చావగలడు, తెలిసే నిలబడ్డాడు. విచిత్రమేమంటే, ఆయనను పెంచామని అనుకున్న కథకులు నిజానికి ఆయనను తగ్గించారు.

సూపర్‌మ్యాన్ వెనుక కథ

ఇరవయ్యో శతాబ్దంలో ఈ దాస్తాన్‌ల స్థానాన్ని బొమ్మల కథలు ఆక్రమించాయి. క్లీవ్‌లాండ్‌లో పెరిగిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యూదు యువకులు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో మొదటిసారి అచ్చులోకి వచ్చాడు. అది ఆర్థిక మాంద్యపు కాలం. యూరపులో హిట్లరు బలపడుతున్న కాలం. బలహీనుల తరఫున నిలిచే ఒక మహాబలుని కోసం జనం ఎదురుచూస్తున్న సమయమది. తెలుగులో నందమూరి తారక రామారావు కథానాయకుడుగా ‘సూపర్‌మ్యాన్’ పేరుతోనే 1980లో సినిమా వచ్చింది. 2006లో కువైట్‌కు చెందిన నాయిఫ్ అల్ ముతవ్వా అల్లాహ్ శుభనామాలు సూచించే గుణాల ఆధారంగా ‘ది 99’ అనే బొమ్మల కథలను ప్రారంభించాడు. దైవ గుణాలను పాత్రలకు అంటగట్టడం తగదని కొందరు ఉలమాలు అభ్యంతరం తెలిపారు. ముస్లిం పిల్లలకు తమ పోలికలున్న వీరులు కావాలన్న ఆయన ఆలోచనలో న్యాయముంది. సృష్టికర్త గుణాలకూ సృష్టి గుణాలకూ మధ్య గీత చెరగరాదన్న ఉలమాల ఆందోళనలోనూ న్యాయముంది.

సూపర్‌మ్యాన్ అన్న మాట మాత్రం బొమ్మల కథలకంటే పాతది. జర్మన్ తత్వవేత్త నీషే 1883లో వెలువరించడం మొదలుపెట్టిన గ్రంథంలో మామూలు మనిషిని దాటిపోయే ‘అతిమానవుని’ ప్రతిపాదించాడు. బెర్నార్డ్ షా 1903లో ఆ భావానికే సూపర్‌మ్యాన్ అనే ఆంగ్ల నామం ఇచ్చి నాటకం ప్రచురించాడు. అల్లామా ఇక్బాల్ 1915లో ‘అస్రారె ఖుదీ’ ప్రకటించిన తర్వాత ఆయన చెప్పిన ఉన్నత మానవుడు నీషే నుంచి తెచ్చుకొన్నవాడేనని కొందరు విమర్శించారు. తాను నీషేను చదవకముందే సూఫీల ‘ఇన్సానె కామిల్’ భావన మీద రాశానని ఇక్బాల్ సమాధానమిచ్చారు. ఆ వ్యాసం 1900లో, పాపన్న పాట అచ్చయిన అదే ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వెలువడింది.

రెంటికీ తేడా స్పష్టమే. నీషే అతిమానవునికి పైన దేవుడు లేడు. ఇక్బాల్ చెప్పిన ఖుదీకి మూడు మెట్లున్నాయి: విధేయత, ఆత్మనిగ్రహం, దైవ ప్రాతినిధ్యం. మొదటి రెండు మెట్లు ఎక్కకుండా మూడవదానికి దారి లేదు.

ఖురైషీయుల కోరిక

మహాబలుని కోసం ఎదురుచూసిన జనంలో మక్కా ఖురైషీయులు కూడా ఉన్నారు. ‘బనీ ఇస్రాయీల్’ సూరా (17:90-93) వారి కోరికల జాబితాను నమోదు చేసింది. భూమి నుంచి నీటి ఊట పుట్టించాలి. ఖర్జూరాలు, ద్రాక్షలు ఉన్న తోట ఉండాలి. ఆకాశాన్ని ముక్కలు చేసి తమపై పడవేయాలి. అల్లాహ్‌ను, దైవదూతలను ఎదుటికి తేవాలి. బంగారు గృహం ఉండాలి. ఆకాశానికి ఎక్కాలి, అక్కడి నుంచి గ్రంథం కూడా దింపాలి. మరొక చోట (25:7) వారి ఆశ్చర్యం ఇంకా విచిత్రమైనది: అన్నం తిని, బజారుల్లో తిరిగే ఇతడేమి ప్రవక్త?

నేటి సూపర్‌హీరో లక్షణాలలో ఒకటి కూడా ఈ జాబితాలో లోపించలేదు. దానికి వచ్చిన సమాధానం మాత్రం చిన్నది. దైవప్రవక్త (స) తాను ప్రవక్తగా పంపబడిన మానవుణ్ణి మాత్రమేనని చెప్పాలని ఆజ్ఞ వచ్చింది.

అల్లాహ్ శక్తికి కొరత ఉందా? లేదు. ప్రవక్తల చేత మహిమలు జరిగాయని ఖుర్‌ఆన్ స్వయంగా చెబుతుంది. అయినా అవి అల్లాహ్ అనుమతితో జరిగినవేగాని ప్రవక్తల సొంత శక్తులు కావు. ఖురైషీయుల కోరిక తీరకపోవడంలోని ఒక వివేకం ‘అల్ అహ్‌జాబ్’ సూరా (33:21)లో కనిపిస్తుంది. అక్కడ దైవప్రవక్త (స) జీవితం ఉత్తమ ఆదర్శమని ప్రకటించబడింది. ఆదర్శమంటే అనుసరించదగినది. ఎగిరే వానిని చూసి చప్పట్లు కొట్టవచ్చు, కాని అతణ్ణి అనుసరించడం సాధ్యం కాదు. ఆకలిని ఎరిగినవాడు, పిల్లల మరణాన్ని చూసినవాడు, యుద్ధంలో గాయపడినవాడు, చెప్పులు తానే కుట్టుకొన్నవాడు మాత్రమే ఆకలితో, దుఃఖంతో, గాయాలతో బతికే మనుషులకు దారి చూపగలడు.

తన చుట్టూ మహిమలు అల్లుకొనే అవకాశం వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఏమి చేశారో ఒక్క సంఘటన చాలు. ఆయన పసికొడుకు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. అది క్రీ.శ. 632. ఆ బాలుని మరణం వల్లనే సూర్యుడు చీకటయ్యాడని జనం చెప్పుకున్నారు. దుఃఖంలో ఉన్న తండ్రి మౌనంగా ఉన్నా ఆ మాట స్థిరపడిపోయేది. కాని సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలని, ఎవరి చావు పుట్టుకల వల్లనూ వాటికి గ్రహణం పట్టదని ఆయన అక్కడే స్పష్టం చేశారు. మర్యం కుమారుని విషయంలో ఇతరులు అతిశయించినట్లు తనను పొగడవద్దని, తాను అల్లాహ్ దాసుడనేనని హెచ్చరించిన హదీసును హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు.

గాలిలో ఎగిరేవాడు

సూఫీ మహనీయులు కూడా ఈ గీతను దాటనివ్వలేదు. ఎవరైనా గాలిలోకి లేచేంత కరామత్ పొందినట్లు కనిపించినా, దైవాజ్ఞల పట్ల, నిషేధాల పట్ల అతని ప్రవర్తన ఎలా ఉందో చూసేవరకు మోసపోవద్దని బాయజీద్ బిస్తామీ హెచ్చరించినట్లు ఇమాం ఖుషైరీ తన ‘రిసాలా’లో నమోదు చేశారు. ఎగరడం పక్షికి కూడా వచ్చు. మాట నిలబెట్టుకోవడం మనిషికే వస్తుంది.

బలానికి కూడా ఇస్లాం కొత్త అర్థం ఇచ్చింది. ఎదుటివారిని పడగొట్టేవాడు బలవంతుడు కాడని, కోపం వచ్చినప్పుడు తనను తాను నిగ్రహించుకొనేవాడే బలవంతుడని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు తెలుపుతుంది. గజాలీ చెప్పిన ‘విముక్తి’ ఇదే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. బలహీనునికి ఒక కథ అయినా ఉండవద్దా? రోజంతా మట్టి మోసి వచ్చిన కూలీ రాత్రి ఒక వీరగాథ విని గుండె దిటవు చేసుకుంటే నష్టమేమిటి? నష్టం లేదు. కథను కథగా వినేవారికి దాస్తాన్ వినోదమే. ధైర్యం, స్నేహం, అన్యాయం పట్ల అసహనం వంటి గుణాలను అది పిల్లలలో మేల్కొల్పగలదు కూడా. చూడవలసింది ఒక్కటే: కథ ముగిసిన తర్వాత విన్నవాడు ఏమి చేస్తాడు? అన్యాయం ఎదురైనప్పుడు తాను ఒక అడుగు ముందుకు వేస్తే ఆ కథ మేలు చేసింది. ఎవరో వస్తారని చేతులు ముడుచుకు కూర్చుంటే కీడు చేసింది. వీరునిగా భావించిన నాయకుని తప్పును తప్పని చెప్పడానికి నోరు రాకపోతే మరింత కీడు చేసింది. అభిమాన నటుని కోసం, నాయకుని కోసం, పీరు సాహెబు కోసం ఇంట్లోవారితో తగవు పడేవారిని ప్రతి ఊరూ ఎరుగును.

ఇహ్‌సాన్ అంటే

శ్రేష్ఠతా కాంక్షకు ఇస్లాం ఇచ్చిన పేరు ‘ఇహ్‌సాన్’. తెలుగులో దీనికి సరిసమానమైన ఒక్క మాట లేదు. తెలంగాణ ఉర్దూ వాడుకలో ‘ఎహసాన్’ అంటే ఒకరు చేసిన ఉపకారం, తీర్చవలసిన రుణం. అరబీ మూలంలో ‘హుస్న్’ అంటే అందమూ, మంచితనమూ రెండూ. ఇహ్‌సాన్ అంటే పనిని అందంగానూ మంచిగానూ చేయడం. అల్లాహ్‌ను చూస్తున్నట్లుగా ఆరాధించడం, తాను చూడలేకపోయినా ఆయన చూస్తున్నాడని గుర్తుంచుకోవడం ఇహ్‌సాన్ అని జిబ్రీల్ (అలై) హదీసు నిర్వచిస్తుంది. ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్ విధించబడిందని చెప్పే మరొక హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. అందులో ఇచ్చిన ఉదాహరణ రాజ్యాలు జయించడం కాదు. జంతువును జిబహ్ చేసేవాడు కత్తిని పదును పెట్టుకోవాలి, దానిని బాధ పెట్టకూడదు. కసాయి కత్తి పదునులో కూడా శ్రేష్ఠత ఉందన్నమాట.

సూపర్‌హీరో జనం చూస్తుండగా గొప్పవాడు. ఇహ్‌సాన్ ఎవరూ చూడని చోట బయటపడుతుంది.

హి.శ. 5 (క్రీ.శ. 627)లో మదీనా ముట్టడికి గురైనప్పుడు సల్మాన్ ఫార్సీ (రజి) సలహాపై ఊరి పక్కన కందకం తవ్వారు. దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారని, ఆయన పొట్ట మీది చర్మం దుమ్ముతో కప్పుకుపోయిందని బరా బిన్ ఆజిబ్ (రజి) కళ్ళారా చూసి చెప్పారు. ఆకాశం విరగలేదు. పది వేల సేన ఎదుట నిలిచిన ఊరిని కాపాడినవి గంపలు, పారలు, ఆకలి కడుపులు, పైనున్న అల్లాహ్ సహాయం.

గంప, పార అనగానే పాలమూరు గుర్తుకు రావడం సహజం. ‘పాలమూరు లేబరు’ అన్న పేరు దేశమంతా తెలుసు. కరువు తరిమితే ఊరు విడిచి, మేస్త్రీల వెంట వెళ్ళి, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు ఈ జిల్లా జనం మట్టి మోశారు, రాళ్ళు ఎత్తారు. వారిలో హిందువులు, ముస్లింలు, అన్ని కులాల వారు ఉన్నారు. వారిలో చాలామంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వారి మీద పాట కట్టినవారు తక్కువ. తమ పొలాలకు రాని నీటికి ఇతరుల పొలాల దాకా దారి వేసిన మనుషులు వారు. వారి దోపిడీని గొప్పతనంగా పొగడడం అన్యాయం. కూలీ సరిగా ఇవ్వని వ్యవస్థకు అది వంత పాడడమే అవుతుంది. కాని గట్టు నిలవడానికి మట్టిని ఎంత గట్టిగా దిమ్మిస చేయాలో తెలిసిన ఆ చేతుల నేర్పును శ్రేష్ఠత అనకపోతే, ఆ మాటకు వేరే అర్థమే లేదు.

కావున అరుగు మీది పిల్లవాణ్ణి దింపివేయవలసిన పని లేదు. అతని కోరికను గేలి చేయవలసిన పని అంతకంటే లేదు. ఆ కోరికను అతనిలో ఉంచినవాడు సృష్టికర్తే. మోకాలికి మందు రాసేటప్పుడు తల్లిదండ్రులు అతనికి రెండు కథలు చెప్పవచ్చు. ఒకటి కాఫ్ పర్వతాలు దాటిన హమ్జాది, నవ్వుకోవడానికి. మరొకటి కఫన్ చాలని హమ్జాది, గుర్తుంచుకోవడానికి. ఆ తర్వాత వీలైతే సాగర్ గట్టు మీద మట్టి మోసిన తాత కథ కూడా చెప్పాలి. ఎగరడం ఆ పిల్లవాడికి ఎన్నటికీ రాదు. తాత చేసినంత చక్కగా ఒక పని చేయడం మాత్రం వస్తుంది.